నిదానంగా చదివితే నల్లకోటు దక్కదా?

పొద్దున ఏడున్నర దాటిందంటే బుక్కరాయసముద్రం నుంచి అనంతపురం వెళ్లే బస్సులన్నీ కాలేజీ పిల్లలతో కిటకిటలాడుతుంటాయి. ఊరు దాటేలోపు సీటు దొరికితే ఆ రోజుకు అదే పెద్ద అదృష్టం. విజయనగర బుక్కరాయల పేరు మోస్తున్న ఊరు, కొండమీదరాయుడి గుడి, పెద్ద చెరువు... చెప్పుకోవడానికి చాలానే ఉన్నాయి. ఇదే మండలంలోని జంతలూరుకు కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. రెడ్డిపల్లిలో జిల్లా జైలు ఉంది. చదువూ చట్టమూ రెండూ ఊరి పొలిమేరల్లోనే ఉన్నాయన్నమాట!

ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఓ అమ్మాయిని ఊహించుకుందాం. పేరు అక్కర్లేదు. ఇలాంటి ఇల్లు ఇక్కడ ప్రతి వీధిలోనూ ఒకటుంటుంది. డిగ్రీలో చేరినప్పుడు ఆమెకు ఒకటే కోరిక, ప్లీడరు కావాలని. పొలం గట్టు తగాదాలో నాన్న ఎన్నిసార్లు కోర్టు మెట్లెక్కి దిగాడో, వాయిదా వేశారన్న ఒక్క మాట వినడానికి ఎన్ని రోజుల కూలి పోగొట్టుకున్నాడో చూసి పెరిగింది మరి.

రెండో ఏడాదికి వచ్చేసరికి నాన్న మంచం పట్టాడు. అనంతపురం జిల్లాలో చెనక్కాయ పంట చేతికొచ్చే రోజులూ, డిగ్రీ సెమిస్టర్ పరీక్షల రోజులూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. చెనక్కాయ పెరికేందుకు కూలీలు దొరకరు, దొరికినా డబ్బుండదు. ఆసుపత్రికి తిప్పడం ఒకపక్క, చేనికి పోవడం ఇంకోపక్క. అన్ని పేపర్లూ చదవడం తన వల్ల కాదని ఆ అమ్మాయికి అర్థమైంది. ఆరింట్లో మూడే రాసింది. మిగతా మూడూ తర్వాత రాద్దామనుకుంది. ఆ తర్వాత సెమిస్టర్లోనూ అంతే. అలా మూడేళ్ల డిగ్రీ కాస్తా నాలుగున్నరేళ్లు పట్టింది.

పట్టా చేతికొచ్చాక అసలు దిగులు మొదలైంది. ‘‘ఐదేండ్లు పట్టిచ్చుకున్న డిగ్రీకి లా సీటు ఎవురిస్తారు పాపా? మార్కుల లిస్టులన్నీ సూస్తారంట. ఏ బీఈడీనో సేసుకోపో’’ అంటాడు చిన్నాయన. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఎవరో చెప్పింది విని, తన బిడ్డలాంటిదే కదా అని చెప్పాడు. అమ్మ మాత్రం ఆ రాత్రంతా నిద్రపోలేదు. ఆరోజు బిడ్డను చేనికి తీసుకుపోకుండా ఉంటే బాగుండేదేమో అని.

ఇంతకీ చిన్నాయన మాట నిజమేనా?

గేటు దగ్గర అడిగేదేంటి?

కాదు. డిగ్రీ ఎన్నేళ్లలో పూర్తయింది, ఒక్కో సెమిస్టర్లో ఎన్ని పేపర్లు రాశారు, ఎన్నిసార్లు రాశారు... మన దగ్గర మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరడానికి ఇవేవీ అడ్డం కావు. దేశంలో న్యాయవిద్యకు నియమాలు పెట్టేది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. 2008లో అది రూపొందించిన న్యాయవిద్యా నిబంధనల్లో చూస్తే, గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి ఏదో ఒక డిగ్రీ ఉండాలంటారు. అందులో కనీస మార్కులుండాలంటారు. అంతే తప్ప మూడేళ్లలోనే ముగించాలని గానీ, ఒక్క అటెంప్టులోనే పాసవ్వాలని గానీ లేదు. దూరవిద్యలో చదివిన డిగ్రీ కూడా పనికొస్తుందని అదే నిబంధనల్లో స్పష్టంగా ఉంది.

ఆ గడప దాటాక సీటును తేల్చేది లాసెట్ ర్యాంకు. 120 ప్రశ్నలు, 120 మార్కులు, గంటన్నర సమయం. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీకి 30, వర్తమాన వ్యవహారాలకు 30, న్యాయశాస్త్రం చదివే అభిరుచిని పరీక్షించే భాగానికి 60. తప్పు రాస్తే మార్కు కోయరు. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. 2019, 2020 సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్ లాసెట్‌ను నిర్వహించింది మరెవరో కాదు, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమే. ఆ పరీక్షలో వచ్చిన మార్కులే ర్యాంకు. డిగ్రీ మార్కులు ర్యాంకులో కలవవు. డిగ్రీలో 80 శాతం తెచ్చుకున్నవారూ, 46 శాతంతో బయటపడినవారూ ఆ గంటన్నరలో సమానమే.

ఇంకో తమాషా చూడండి. ఇద్దరికి లాసెట్‌లో మార్కులు సమానంగా వస్తే ముందు న్యాయ అభిరుచి భాగంలో ఎవరికి ఎక్కువొచ్చాయో చూస్తారు. అక్కడా సమానమైతే వర్తమాన వ్యవహారాల్లో. అక్కడా తేలకపోతే? వయసులో పెద్దవారికి ప్రాధాన్యం! ఆలస్యమైందని కుమిలిపోయేవారికి చట్టం చదువు ఇచ్చే చిన్న ఊరట అనుకోవాలి.

వయసు సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పుకోవాలి. మూడేళ్ల ఎల్ఎల్‌బీకి 30 ఏళ్లు దాటకూడదని బార్ కౌన్సిల్ ఒకప్పుడు నిబంధన పెట్టింది. దాని మీద ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదోపవాదాలు నడిచాయి. 2017 మార్చిలో సుప్రీంకోర్టు దాని అమలును నిలిపేసింది. అందుకే బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన, పిల్లల్ని పెంచి పెద్దచేసిన గృహిణి కూడా లా క్లాసులో కుర్రాళ్ల పక్కన కూర్చుని కనిపిస్తున్నారు. నాలుగున్నరేళ్ల డిగ్రీతో ఇరవై మూడేళ్ల అమ్మాయి వాళ్ల ముందు పసిపిల్లే.

అసలు లెక్క మార్కులది

అయితే చిన్నాయన మాటలో ఒక్క ముక్క మాత్రం నిజం. మార్కుల లిస్టులు చూస్తారు. చూసేది ఏళ్ల కోసం కాదు, శాతం కోసం.

లా కోర్సుకు డిగ్రీలో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, బీసీలకు 42 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. ఇక్కడే ఏటా ఎంతోమంది దెబ్బతింటున్నారు. ఎందుకంటే డిగ్రీ పాసవడానికి అన్ని మార్కులు అక్కర్లేదు. వార్షిక పరీక్షల కాలంలో సబ్జెక్టుకు 35 వస్తే పాస్. థర్డ్ క్లాసులో పాసైన పట్టాకు ఇంటి గోడ మీద ఫ్రేము కట్టించుకోవచ్చు. ఎన్నో ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లా కాలేజీ గేటు మాత్రం తెరుచుకోదు.

మన అమ్మాయి లెక్కే వేద్దాం. ఆరు పేపర్లు, ఒక్కోదానికి వంద, మొత్తం 600. పట్టుదలకు పోయి ఆ నవంబరులో ఆరూ రాసేసిందనుకోండి. పగలు చేను, రాత్రి ఆసుపత్రి, మధ్యలో పుస్తకం. ఏదోలా సగటున 40 చొప్పున తెచ్చుకుందనుకుంటే 240. అన్నీ పాసే. కానీ అది 40 శాతం. డిగ్రీ అంతా అలాగే గడిస్తే ఎస్సీ, ఎస్టీ అభ్యర్థి అయితే అంచు మీద నిలబడుతుంది, బీసీ అయినా ఓసీ అయినా గేటు బయటే. ఆమె చేసిందేమిటి? మూడు రాసి మూడు ఆపింది. తీరిక దొరికినప్పుడు మిగతా మూడూ రాసింది. సగటున 52 వచ్చాయనుకుంటే 312. అంటే 52 శాతం. ఏడాదిన్నర పోయింది నిజమే, కానీ అర్హత మిగిలింది.

ఊళ్లో జనానికి ఇది తిరగేసి కనిపిస్తుంది. మూడేళ్లలో 40 శాతంతో గట్టెక్కినవాడు ‘టైముకు పాసయ్యాడు’. ఆగి ఆగి 52 తెచ్చుకున్నది ‘ఫెయిలవుతూ లాక్కొచ్చింది’. లా సీటు దగ్గర మాత్రం పాసైనవాడు ఇంటికి, ఆగినది కాలేజీకి!

అరశాతం తేడాతో ఆగిపోయేవారికి ఒక చిన్న వెసులుబాటు ఉంది. 2010 నాటి బార్ కౌన్సిల్ లేఖ ప్రకారం 44.5 శాతాన్ని 45గా, 41.5ను 42గా, 39.5ను 40గా లెక్కలోకి తీసుకుంటారు. 44.4 వస్తే మాత్రం చేసేదేమీ లేదు. దరఖాస్తు చేసే ఏడాది ప్రకటనలో ఈ సంగతి ఎలా రాశారో ఒకసారి చూసుకోవడం మంచిది. ఆ మాట కొస్తే గ్రేడ్లు, పాయింట్లు వచ్చాక చాలామందికి తమ శాతమెంతో తమకే తెలియకుండా పోయింది. మెమోలో పాయింట్లు చూసి లెక్క తేల్చేసుకోకుండా యూనివర్సిటీ లెక్క ప్రకారం శాతమెంతో ముందే తేల్చుకోవాలి. కౌన్సెలింగ్ రోజున కాదు.

ఆ రోజు గురించి కూడా ఒక మాట. ఫైనలియర్ చదువుతూనే లాసెట్ రాయవచ్చు. అందుకని చాలామంది ఒకటో రెండో పేపర్లు మిగిలి ఉండగానే రాసేస్తారు. ర్యాంకు బ్రహ్మాండంగా వస్తుంది. తీరా సర్టిఫికెట్ల పరిశీలనకు వెళితే రెండో సెమిస్టర్లో వదిలేసిన ఒక్క పేపరు కాళ్లకు అడ్డం పడుతుంది. అది పూర్తయితే గానీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాదు. అది లేనిదే సీటు లేదు. మళ్లీ ఏడాది లాసెట్ రాయాల్సిందే. ఆపిన పేపర్లతో వచ్చే అసలు చిక్కు ఇదొక్కటే. తక్కువ రాయడం నేరం కాదు, రాయాల్సినవాటిని లెక్కపెట్టుకోకపోవడమే కొంప ముంచుతుంది. సెమిస్టర్ వారీగా ఏ పేపరు అయింది, ఏది మిగిలింది అని ఓ కాగితం మీద రాసి తలుపు వెనక అంటించుకున్న పిల్లలు ఈ గండం దాటేస్తారు.

దగ్గరిదారి ముంచేస్తుంది

నిదానంగా నడిచినవారికి లేని భయం ఒకటి, పరుగెత్తినవారికి ఉంది.

మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది. తర్వాత దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. బడి మధ్యలో మానేసినవారికి, ఇంటర్ గడప తొక్కనివారికి అర్హత పరీక్ష పెట్టి నేరుగా డిగ్రీలో చేర్చుకోవడం ఆ విశ్వవిద్యాలయం చేసిన గొప్ప పనుల్లో ఒకటి. ఆర్టీసీ కండక్టర్లు, అంగన్‌వాడీ ఆయాలు, హోంగార్డులు, ఎందరో ఇంటి ఇల్లాళ్లు పట్టభద్రులయ్యారు. ప్రమోషన్లు తెచ్చుకున్నారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

కానీ లా దగ్గరకొచ్చేసరికి కథ మారిపోతుంది. 2008 నిబంధనల్లో దూరవిద్య డిగ్రీ చెల్లుతుందన్న వాక్యం పక్కనే ఒక వివరణ ఉంది. ముందు చదవాల్సిన చదువు లేకుండా నేరుగా సార్వత్రిక విధానంలో ఇంటరో డిగ్రీయో పీజీయో పొందినవారు లా కోర్సులకు అర్హులు కారు. అంటే పది, ఆపైన ఇంటర్, ఆపైన డిగ్రీ... మెట్లన్నీ వరసగా ఎక్కి ఉండాలి. మధ్యలో మెట్టు ఎగిరి దాటితే కుదరదు. ఉద్యోగంలో ప్రమోషన్ తెచ్చిపెట్టిన పట్టానే లా కాలేజీలో అక్కరకు రాకుండా పోతుంది. లాసెట్ ప్రకటనల్లోనూ ఈ మాట ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉండడంతో చాలామంది కళ్లు దాని మీద పడవు.

2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు కూడా దాదాపు ఇదే దారిలో తీర్పు చెప్పింది. మొదటి డిగ్రీ లేకుండానే నేరుగా ఓపెన్ యూనివర్సిటీ విధానంలో పీజీ చేసిన వ్యక్తి పట్టా చెల్లుతుందా అన్నది అక్కడ ప్రశ్న. చెల్లదంది కోర్టు. దూరవిద్య మీద కోపంతో కాదు, మెట్టు వదిలేసినందుకు.

ఇక ‘వన్ సిట్టింగ్ డిగ్రీ’ బోర్డుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్కసారి కూర్చుని మూడేళ్ల పరీక్షలూ రాసేయవచ్చని ఒకప్పుడు ఊరూరా గోడల మీద, ఆటోల వెనక కనిపించిన ప్రకటనలు గుర్తున్నాయా? అలాంటి కాగితం పట్టుకుని లా కౌన్సెలింగ్‌కు వెళితే డబ్బుతో పాటు పరువూ పోతుంది. డిగ్రీ కనీసం మూడేళ్ల చదువు అయి ఉండాలి. ఐదేళ్లు పట్టినా అడగరు, ఆర్నెల్లలో అయిందంటే తప్పకుండా అడుగుతారు. ఇంటర్ లేనివారికి మంచి దారి ఇంకోటుంది. ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తిచేసి, ఆ తర్వాత డిగ్రీ. రెండేళ్లు ఎక్కువ పడుతుందని వెనకాడేవారు, ఆ రెండేళ్లు మిగుల్చుకోబోయి మొత్తం లా చదువునే వదులుకున్నవారిని ఒకసారి కదిలించి చూడాలి.

పేరు పెట్టి ఒప్పుకున్నారు

తక్కువ పేపర్లతో ఎక్కువ కాలం చదవడమన్నది మొన్నమొన్నటి దాకా మన దగ్గర వెనకబడిపోవడం కిందే లెక్క. దానికి బ్యాక్‌లాగ్ అని పేరు. ఇప్పుడు అదే పనిని పద్ధతిగా చేసుకునే వీలు వచ్చింది. 2024 చివర్లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ డిగ్రీ వేగాన్ని విద్యార్థి ఎంచుకునే విధానానికి ఆమోదం తెలిపింది. చురుగ్గా చదివేవారు సెమిస్టర్‌కు ఎక్కువ క్రెడిట్లు తీసుకుని ముందే ముగించవచ్చు. ఇబ్బందుల్లో ఉన్నవారు తక్కువ క్రెడిట్లు తీసుకుని గరిష్ఠంగా రెండు సెమిస్టర్లు, అంటే ఓ ఏడాది, పొడిగించుకోవచ్చు. మొదటి లేదా రెండో సెమిస్టర్ చివర్లో కాలేజీలోని కమిటీ ఆ దరఖాస్తును పరిశీలిస్తుంది. పొడిగించిన కాలంలో పూర్తిచేశారన్న సంగతి పట్టా మీద రాసినా, పై చదువులకూ ఉద్యోగాలకూ మామూలు డిగ్రీతో సమానంగానే చూడాలన్నది కమిషన్ మాట.

వినడానికి బాగుంది. మన కాలేజీలు దీన్ని ఎంత మనసుపెట్టి అమలు చేస్తాయన్నది వేరే సంగతి. చేనులో కోతలున్నాయని ఒక అమ్మాయి ప్రిన్సిపాల్ గది ముందు దరఖాస్తు పట్టుకుని నిలబడితే, ‘‘ఇట్లాంటివి మన దగ్గర లేవమ్మా’’ అనే జవాబు రాకుండా ఉండాలి కదా.

ఇదే అనంతపురం నుంచి...

డిగ్రీకీ లాకీ మధ్య బతుకు అడ్డం రావడం కొత్తేమీ కాదు. కర్నూలు జిల్లా పెదపాడులో 1921లో పుట్టిన దామోదరం సంజీవయ్య చదువుకోసం వచ్చింది అనంతపురానికే. ఇప్పుడు ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలగా ఉన్న అప్పటి దత్తమండల కళాశాలలో బీఏ చదివారు. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న పేద దళిత కుటుంబం. డిగ్రీ కాగానే లా చదువుదామంటే చేతిలో చిల్లిగవ్వ లేదు. కొన్నేళ్లు చిన్నాచితకా ఉద్యోగాలు చేశారు. ఆ తర్వాతే మద్రాసు లా కాలేజీ. 1948లో పట్టా పుచ్చుకున్నారు. మరో పన్నెండేళ్లకు, 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో దళిత వర్గం నుంచి ఆ పదవి చేపట్టిన మొదటి వ్యక్తి ఆయనే. విశాఖపట్నంలో 2008లో ఏర్పాటైన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఉన్నది ఆయన పేరే. మధ్యలో ఎందుకు ఆగావని ఆయన్ని అడిగినవారెవరో చరిత్రలో ఎక్కడా లేరు.

ఇంకా వెనక్కి వెళితే టంగుటూరి ప్రకాశం. తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి చదివించింది. ఆయన ముందు రెండో తరగతి ప్లీడరుగా రాజమండ్రిలో పేరు తెచ్చుకుని, ఆ సంపాదనతో 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యారు. ఒకేసారి ఎక్కలేని మెట్లను ఒక్కొక్కటిగా ఎక్కడమంటే ఇదే.

అమెరికాలో అయితే అడుగుతారు

చిన్నాయనకు ఎవరో చెప్పారన్నామే, ఆ ‘ఎవరో’ బహుశా అమెరికాలో బిడ్డలున్న బంధువై ఉంటారు. ఎందుకంటే అక్కడ పద్ధతి వేరు. అనంతపురం జిల్లా నుంచి ఇంజినీరింగ్ చదివి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాల్లో రెండో తరం పిల్లలు ఇప్పుడు లా స్కూళ్ల వైపు చూస్తున్నారు. ఆ ఇళ్లలో ఈ ప్రశ్న నిజంగానే పెద్దది.

అక్కడ డిగ్రీ విద్యార్థి సెమిస్టర్‌కు 15 క్రెడిట్ల చొప్పున తీసుకుంటే నాలుగేళ్లలో పూర్తవుతుంది. 12 క్రెడిట్లుంటే ఫుల్‌టైమ్ కిందే లెక్క. అంతకంటే తగ్గితే తక్కువ భారం. లా స్కూలుకు దరఖాస్తు చేసేటప్పుడు చదివిన ప్రతి కాలేజీ నుంచీ మార్కుల పత్రాలు లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్‌కు వెళతాయి. ఏ సెమిస్టర్లో ఎన్ని కోర్సులు, ఏది మధ్యలో వదిలేశారు, ఏది రెండోసారి చదివారు... అంతా అక్కడ కనిపిస్తుంది. కౌన్సిల్ తన పద్ధతిలో మార్కుల సగటును మళ్లీ లెక్కగడుతుంది. రెండోసారి చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నా, మార్కుల పత్రంలో మొదటి గ్రేడు ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. జరిమానా లేకుండా మధ్యలో వదిలేసిన కోర్సు మాత్రం సగటును తగ్గించదు.

మరి తక్కువ కోర్సులు తీసుకున్న సెమిస్టర్ ఉంటే సీటు రాదా? అలా ఏమీ లేదు. సీటును ఎక్కువగా తేల్చేది మార్కుల సగటు, ఎల్‌శాట్ స్కోరు. ఆ తర్వాతే మిగతావి. అనారోగ్యం వల్లో, ఇంట్లో ఒకరిని చూసుకోవాల్సి రావడం వల్లో, ఉద్యోగం చేస్తూ చదవడం వల్లో ఒకటి రెండు సెమిస్టర్లు తేలిగ్గా నడిచాయంటే ఒక పేజీకి మించకుండా సూటిగా కారణం రాసి దరఖాస్తుతో జతచేస్తారు. ఏడుపులు, సాకులు అక్కర్లేదు. ఏమైంది, ఎప్పుడైంది, తర్వాత ఎలా కుదుటపడ్డారు, అంతే. కారణమేమీ లేకుండా నాలుగేళ్లూ తేలిక కోర్సులే తీసుకుంటూ పోయిన పత్రం మాత్రం అనుమానంగా కనిపిస్తుంది.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవారికి ఇంకో మెలిక ఉంది. వాళ్లు ఫుల్‌టైమ్ చదవాల్సిందే. కోర్సులు తగ్గించుకోవాలంటే ముందుగా కాలేజీలోని వీసా వ్యవహారాల అధికారి అనుమతి తీసుకోవాలి. అనారోగ్యం కారణంగా ఇచ్చే అనుమతి ఒక స్థాయి చదువు మొత్తమ్మీద పన్నెండు నెలలకు మించదు. అడక్కుండా తగ్గించుకుంటే లా సీటు దాకా ఎందుకు, ఉన్న వీసాకే ముప్పు. ఇక్కడ డిగ్రీ చదివి అక్కడ లా చదవాలనుకునేవారి మార్కుల పత్రాలను కౌన్సిల్ అక్కడివారి సగటుతో కలపదు. మొత్తం చదువును చూసి సగటు కంటే మెరుగ్గా ఉందా, సగటుగా ఉందా అన్న మాటల్లో అంచనా ఇస్తుంది.

బరువు ముందుంది

అమెరికా సంగతి అలా ఉంచి మళ్లీ బస్సులో అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమె డిగ్రీ సరైనదే. ఇంటర్ చదివింది. 52 శాతం ఉంది. మిగిలిన పేపర్లు లేవు. లాసెట్ రాయడానికి ఏ అడ్డమూ లేదు. మరి ఆ ఇంట్లో కూర్చుని ఆలోచించాల్సిందేమిటి?

లా చదువులో తక్కువ భారం అన్న మాటే లేదు. డిగ్రీలో మూడు పేపర్లు ఆపుకున్నట్టు ఇక్కడ క్లాసులు ఆపుకోవడం కుదరదు. బార్ కౌన్సిల్ నిబంధనల్లో లా అంటే రోజుకు ఐదు గంటలు, వారానికి 30 గంటలకు తగ్గని రెగ్యులర్ కోర్సు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు కావాలన్నది అందులోని మాట. దూరవిద్యలో చదివిన ఎల్ఎల్‌బీతో నల్లకోటు వేసుకోలేరు. లా చదువుతూ ఇంకో రెగ్యులర్ కోర్సులో చేరడాన్నీ ఆ నిబంధనలు ఒప్పుకోవు. ఆ తర్వాత బార్ కౌన్సిల్‌లో నమోదు, 2011 నుంచి జరుగుతున్న ఆలిండియా బార్ పరీక్ష. కోర్టులో అడుగుపెట్టిన మొదటి రెండు మూడేళ్లు జూనియర్‌గా సీనియర్ వెనక కట్టలు మోయడమే తప్ప చేతిలో పెద్దగా పైసలు ఆడవు. ఈ సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు. కోర్టు ఆవరణలో టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది.

కాబట్టి నాలుగున్నరేళ్ల డిగ్రీ గురించి పడే దిగులును ఈ మూడేళ్ల మీదికి మళ్లిస్తే ఉపయోగం. చెనక్కాయ పెరికే నెలలో చేనికి ఎవరు పోవాలి? నాన్నను ఆసుపత్రికి ఎవరు తీసుకుపోవాలి? తమ్ముడు ఉన్నాడా, మేనమామ సాయపడతాడా, ఆ ఏడాది పొలం కౌలుకు ఇచ్చేస్తే సరిపోతుందా? అనంతపురంలోనే న్యాయ కళాశాల ఉండటం బుక్కరాయసముద్రం పిల్లలకు పెద్ద కలిసొచ్చే విషయం. హాస్టల్ ఖర్చు లేదు, సాయంత్రానికి ఇంటికొచ్చేయవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఏయే కాగితాలు కావాలో, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఎప్పటివి చెల్లుతాయో సచివాలయంలో ముందే కనుక్కుంటే ఆఖరి రోజు పరుగులు తప్పుతాయి.

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ ప్రతి సెమిస్టర్ మెమో, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ... జెరాక్స్ సెంటర్లో రెండేసి సెట్లు. మెమోలు మిగతావారికంటే నాలుగు ఎక్కువే ఉంటాయి, సంచీ కాస్త బరువుంటుంది. కౌన్సెలింగ్ బల్ల దగ్గర వాటిని ఒక్కొక్కటే తిప్పి చూసే ఉద్యోగి చివరి పేజీ దాకా వెళ్లి, మొత్తం మార్కులు చూసి, శాతం రాసుకుని పక్కన పెడతాడు. మధ్యలో నవంబరు నెల మెమోలో మూడు పేపర్ల ఎదురుగా మార్కులు ఎందుకు లేవని ఆయన అడగడు.